సాఫ్ అనే మాట

గండిపేట చెరువులో నీళ్లు తాగడానికి దిగిన ఎద్దు ఒకటి పొరపాటున పెద్ద పైపులో దూరింది. వెనక్కి తిరగడానికి చోటు లేక, భూమి లోపల లోపలే నడుచుకుంటూ ఊరంతా దాటి, శాలిబండలో మా ఇంటి నల్లాలోంచి దారప్పోగులా సన్నగా బయటపడి, గచ్చు మీద ఒళ్లు విరుచుకుని మళ్లీ ఎద్దయింది. ఇది నా కళ్లతో చూశాను. నమ్మకం లేనివాళ్లు మా ఇంటికి వస్తే ఆ నల్లా చూపిస్తాను. ఎద్దును చూపించమని మాత్రం అడగొద్దు. దానికి మళ్లీ దాహం వేసి, వచ్చిన దారినే పోయింది.

నా పేరు మల్లన్న. నల్లాల ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. మా బస్తీకి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి, నా కథలు మాత్రం రోజూ వచ్చేవి. ఆ కథల్ని మా జోయెల్ ఫోనులోకి ఎక్కించుకునేవాడు. మాకు ఒక్కడే కొడుకు. కంప్యూటర్ల ఆఫీసులో ఉద్యోగం. పొద్దంతా నిజాలతో తల పగలగొట్టుకుని సాయంత్రం నా దగ్గరికి అబద్ధాలకు వచ్చేవాడు.

కథ చెప్పేవాడికి ఊఁ కొట్టేవాడు లేకపోతే అది కథ కాదు, సణుగుడు. జోయెల్ ఊఁలో రకాలుండేవి. 'కానీయ్, నీ అబద్ధం ఎందాక పోతదో చూస్త' అనే ఊఁ పొడుగ్గా, ముక్కులోంచి వచ్చేది. నిజంగా కథలో చిక్కుకున్నప్పటి ఊఁ చిన్నగా, తొందరగా, ఎవరో తలుపు తట్టినట్టు ఉండేది. ఆ రెండోది రాబట్టడానికే నేను ఎద్దును పైపులోకి తోలింది.

"కొమ్ములెట్ల పట్టినయ్ నాయినా పైపుల?"

"మడిచి పెట్టుకున్నది రా, ఛత్రి లెక్క."

వాడు నవ్వేవాడు. లోపలి నుంచి మా రాహేలు కేకలేసేది. "ముసలోడా, ఆదివారం వాక్యం వింటడు, సోమవారం నీ అబద్ధాలు వింటడు. పొల్లగాడు ఏది నమ్మాలె?"

"పాస్టరయ్య కథల చేప మనిషిని మింగొచ్చు గని, నా కథల ఎద్దు పైపుల పోవద్దానే?" అని నేను. దేవుడు నా మీద కోపం తెచ్చుకోడులే, ఆయనకూ కథలంటే ఇష్టమే అనుకునేవాణ్ణి అప్పట్లో.

పోయిన వానాకాలం జోయెల్‌కు జ్వరం వచ్చింది. దోమల జ్వరమన్నారు. రక్తంలో ఏవో పడిపోతున్నాయని ఎక్కించారు, మళ్లీ పడిపోయాయి. ఎంత పెద్ద అబద్ధాన్నయినా సాగదీయగలను గాని, ఈ నిజాన్ని ఇంతకు మించి లాగలేను.

వాడి ఫోటోలు ఇంట్లో ఉన్నాయి. గొంతే లేదు. ఫోను, వాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోయేటప్పుడు ఆటోలోంచి ఎక్కడ జారిందో జారింది. పెళ్లి వీడియోలో చూద్దామంటే బ్యాండు మోతే గాని వాడు నోరు విప్పితేగా. మెసేజులు వేళ్లతో కొట్టేవాడే తప్ప మాట్లాడి పంపే అలవాటు లేదు. ఇక మిగిలిందల్లా ఫోనులోంచి తీసి వాడి కంప్యూటరులో పెట్టుకున్న నా కథలు. కథలు నావి, మధ్యలో ఊఁలు వాడివి, నవ్వు వాడిది, 'కొమ్ములెట్ల పట్టినయ్ నాయినా' వాడిది.

సంవత్సరీకం దగ్గర పడుతోంది. మా చర్చివాళ్లు ఇంట్లో జ్ఞాపక కూటమి పెడతారు. రాహేలు ఒక్కటే కోరింది. "పాటలు మీరు పాడుండ్రి. ప్రసంగం పాస్టరయ్య చేస్తడు. నాకు నా కొడుకు గొంతు ఇనిపియ్యుండ్రి, చాలు."

అందరి ముందు అన్నా, ఆ మాట చెప్పింది మా కోడలికి. పేరు వీణ. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పూల దుకాణం ఉన్నవాళ్ల అమ్మాయి. జోయెల్‌తో ఒకే ఆఫీసులో పనిచేసేది. వాళ్లు పూజ పూలవాళ్లు, మేం చర్చివాళ్లం. రెండు వైపులా లొల్లి అయింది. రెండు వైపులా అలసిపోయాక పెళ్లయింది.

మొగుడూ పెళ్లాలిద్దరూ ఇంట్లో కూర్చుని ఒక పనిముట్టు తయారుచేశారు. చేతితో పట్టుకునేది కాదు, కంప్యూటరులోదే. దాని సంగతి నాకు వీణ చెప్పినంత వరకే తెలుసు. మనం ఏదైనా రాసి, దిద్ది, మళ్లీ దిద్దినా పాత ప్రతి పారేయకుండా మడతపెట్టి దాచి, అడిగినప్పుడు తీసి ఇచ్చే పనిముట్టు ఒకటి లోకమంతా వాడుతుందట. కాకపోతే దానికి బారెడు బారెడు ఇంగ్లీషు ఆజ్ఞలు ఇవ్వాలి. వీళ్లు దాని మీద మన మాటల తొడుగు వేశారు. 'దాచు' అంటే దాస్తుంది. 'తే' అంటే తెస్తుంది. మనం ఒక్క మాట అంటే లోపల అది పది పనులు చేసుకుంటుంది. పేరు ఏం పెట్టాలని ఇద్దరూ కొట్లాడుకుంటుంటే, ఇనుప పెట్టెలోంచి దుప్పట్లు తీస్తున్న రాహేలు, "సందూగ అని పెట్టుండ్రి, లొల్లి తప్పుతది" అంది. ఆ పేరే నిలిచింది.

అత్త అడిగిన మధ్యాహ్నమే వీణ జోయెల్ కంప్యూటరు ముందు కూర్చుంది. ఏడాదిగా ఎవరూ ముట్టలేదు. తెరవగానే జాగా లేదు, చెత్త పేరుకుంది అని అది మొరపెట్టుకుంది. తన కంప్యూటరులో ఎప్పుడూ చేసేదే చేసింది వీణ. 'సాఫ్' అని కొట్టింది. సందూగలో చెత్త ఊడ్చే మాట అది. మిషిను కిక్కురుమనలేదు. తర్వాత కథలున్న అర తెరిస్తే అందులో ఏమీ లేదు. పక్క అరలో లేదు. సందూగలో పాత ప్రతులుంటాయి కదా అని చూస్తే పనిముట్టు మిగిలింది గాని, అది దాచిన మూట లేదు.

రాహేలు వెనకే నిలబడి ఉంది. "ఏమాయె?" అంది. వీణ ప్రతి అరా తెరిచింది. మళ్లీ మళ్లీ చూసింది. చివరికి, "పోయినట్టున్నయ్ అత్తమ్మా. సాఫ్ కొట్టిన. గంతే" అంది.

"ఊడ్చేసినవా?" అంది రాహేలు. గొంతు పెంచలేదు. "నా కొడుకు గొంతు నీకు వాడిన పూల లెక్క కనవడ్డదా?"

ఆ తర్వాత కోడలితో మాట బంద్. తిట్టినా బాగుండేది. కంచం పెట్టేటప్పుడు చప్పుడు చేసి పెట్టడం, ఆమెకు చెప్పాల్సింది నాకు చెప్పడం. "మల్లన్నా, బియ్యం అయిపోయినయని చెప్పు" అంటుంది, బియ్యం డబ్బా పక్కనే వీణ నిలబడి ఉంటే. జీవితంలో ఎన్నడూ నన్ను పేరు పెట్టి పిలవని మనిషి. నేను ఆ మాటను ఇటు నుంచి అటు మోసేవాణ్ణి. మోసేటప్పుడు కొంచెం చక్కెర కలిపేవాణ్ణి గాని, ఎదురుగా విన్న మాటకు చక్కెర ఏం అంటుతుంది?

ఈ సంగతి గుడిమల్కాపూర్‌కు చేరింది. వీణ అన్న రవీందర్ ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. పత్తర్‌గట్టి దుకాణాలకు దండలు వేసి వెళ్తూ దారిలో ఆగాడు. మనిషి మెత్తన, మాట గట్టి.

"చెల్లె, పోదాం పా. ఏడాది చూసిన. ఇంక చాలు."

"ఇప్పుడు రాను అన్నా."

"ఎందుకు రావు? గీడ నీతోని మాట్లాడే దిక్కు లేదు."

"ఏందయ్యా, నేను మనిషిని గానా?" అన్నాను.

"నువ్వు మాట్లాడుతవ్ మామా, గని నీ మాటలల్ల ఎద్దులే ఎక్వ."

వీణ కంప్యూటరు మీద చెయ్యి పెట్టి చెప్పింది. "అన్నా, సాఫ్ అంటే ఏందో నాకు తెల్సు. చెత్త తీస్తది, మంచియి ఉంచుతది. నా మిషిన్ల ఎన్నిసార్లు కొట్టిన, ఒక్కటి పోలే. మరి గివెట్ల పోయినయ్? నా చేతుల పోయినయా, ముందే పోయినయా, నాకు తెల్వాలె. నా చెయ్యి గాదని తేలితే అత్తమ్మ ముందల నిలవడి గదే చెప్త, గీన్నే ఉంట. నా చెయ్యే అని తేలిందనుకో, నువ్వు పిలవకున్నా వస్త. ఆయన గొంతును చంపినదాన్ని, గా తల్లి చేతి అన్నం తినను."

రవీందర్ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. పందెం అలా కాసింది ఆ పిల్ల, తన మీద తనే.

తెల్లారి పనిలో దిగింది. ఆఫీసుకు సెలవు పెట్టింది. కిటికీ పక్కన బల్ల. బయట షేరింగ్ ఆటోలవాళ్లు "చార్మినార్, చార్మినార్" అని అరుస్తుంటారు, ఎదురు కార్ఖానాలో రేకు మీద సుత్తి పడుతూ ఉంటుంది. వాటి మధ్య ఆమె టకటకా కొడుతుంటే నేను పక్కన కుర్చీ వేసుకున్నాను.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"ఇది మూగది మామా. చెప్పిన పని చేస్తది గని ఊఁ అనది. సాఫ్ అంటే లోపల ఏమేం పనులు చేస్తదో, ఏది అయిందో, ఏది కాలేదో, ఒక్కటి చెప్పది. గందుకే దీనికి నోరు పెడుతున్న. ఏ ఆజ్ఞ నడిపినా ముందుగాల 'గిది చేస్తున్న' అనాలె. అయినంక 'అయింది', లేకుంటే 'కాలే' అనాలె. ఒక్కొక్క అడుగు జాడ కనవడాలె."

"మా ఆఫీసుల ఒక ఇంజినీరు సారుండె," అన్నాను. "గాయనకు గూడ గిట్లనే నోరు పెట్టిండ్రు. పెట్టినంక ఆపుతందుకు మళ్ల వేరే సారును తెచ్చిండ్రు."

ఆమె నవ్వలేదు. "మామా, నాకొక సాయం చెయ్యి. నేను చేసేది పైకి చెప్పుకుంటనే చేస్త. ఆయన ఉన్నప్పుడు గట్లనే చేస్తుంటిమి. నువ్వు ఊఁ కొట్టు."

"నాకేం సమజైతది?"

"సమజ్ గావద్దు. ఊఁ కొట్టు చాలు."

సరే అన్నాను. ఆమె మొదలుపెట్టింది. ఆజ్ఞ లోపలికి పోయే దర్వాజా ఇదీ, ఇక్కడ ఒక వరస రాస్తున్నా, ఇది ఆజ్ఞ పేరు చదువుతుంది, దాని ముక్కలు విడివిడిగా చూపిస్తుంది... నేను నోరు తెరిచాను. ఊఁ రాలేదు. ఇన్నేళ్లు ఇంకొకరి చేత కొట్టించుకోవడమే గాని నేను కొట్టింది లేదు. పైగా అది ఈ ఇంట్లో ఒక్కడి పని. గొంతు సవరించుకుని మళ్లీ ప్రయత్నిస్తే దగ్గు వచ్చింది. ఆమె తల తిప్పలేదు, ఆగి కూర్చుంది. చివరికి వచ్చింది, పాత పంపు మొదటి నీళ్లలా, తుప్పుతో.

ఆ రోజంతా ఊఁ కొట్టాను. నాకు అర్థమైంది చాలా తక్కువ. నోరు పెట్టాక 'దాచు' అని చూసింది, మిషిను చక్కగా జాడ చెప్పింది. 'తే' అని చూసింది, చెప్పింది. 'సాఫ్' అనబోయి ఆగింది. ఉత్తుత్తి ఫైళ్లతో ఒక నకలు అర కట్టి, జోయెల్ కంప్యూటరులోని సాఫ్‌ను అందులోకి తెచ్చి, అక్కడ కొట్టింది. ఒక్క మాట లేదు. మళ్లీ మూగ.

"అరే!" అంది. కాసేపు వెతికి తల పట్టుకుంది. "మామా, నీ కొడుకు చూడు. నేను వాకిట్ల కావలి పెట్టిన. సాఫ్‌ను మాత్రం ఆయన పెరటి దర్వాజల నుంచి పంపుతుండు."

"చిన్నప్పుడు బడికి కూడ పెరట్లకెళ్లే పోయేటోడు. వాకిట్ల నేనుంటనని."

అప్పుడు నవ్వింది వీణ. ఏడాదిలో మొదటిసారి. నవ్వు సగంలో ఉండగా వంటింట్లో గిన్నె కింద పడింది. ఆమె మళ్లీ తెర వైపు తిరిగింది.

మర్నాడు పెరటి దర్వాజా దగ్గరా కావలి పెట్టింది. పైగా ఇంకో పని చేసింది. జాడ అంతా తెలుగులో వచ్చేట్టు రాసింది. ఎందుకంటే, "నా చెయ్యి గాదని తేలితే అత్తమ్మ సొంతంగ చదువుకోవాలె, నేను చెప్తే నమ్మది" అంది. అంత నమ్మకం మీద ఉంది పిల్ల. ఏ ఆజ్ఞ ఎవరు రాశారో అదీ పక్కనే పడేట్టు పెట్టింది.

మధ్యాహ్నం నకలు అరలో మళ్లీ సాఫ్ కొట్టింది. ఈసారి వరసలు వచ్చాయి. ఆమె పైకి చదివింది.

"ఉన్నదంతా ఖాళీ చేస్తున్న. అయింది." ఆగింది. "ఉన్నదంతానా?" అని తనలో తనే అంది.

"ఊఁ," అన్నాను, అలవాటు పడి.

"పై జాగ నుంచి మళ్ల తెచ్చి నింపుతున్న. కాలే. గా జాగ లేదు." చివరి వరస చదవలేదు. వేలితో చూపించింది. సాఫ్, రాసినది జోయెల్ అని ఉంది.

కుర్చీ నా వైపు తిప్పుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. "దాచు, తే ఇద్దరం కూసోని రాసినం మామా. సాఫ్ మాత్రం ఎవలది వాళ్లు రాసుకున్నం. గంత చిన్న మాటకు కూసునుడేంది అనుకున్నం. నాకు సాఫ్ అంటే మా దుకాణం. పొద్దూకంగ వాడినయి ఏరి పడేసి, మంచి పూలు తడిబట్టల చుట్టి రేపటికి పెడుతం. ఆయన రాసింది గది గాదు. మొత్తం ఖాళీ జేసుడు, పైనుంచి కొత్తగ నింపుడు. గిదేం సాఫ్? గిట్ల ఎవలు సాఫ్ చేస్తరు?"

ఎవరు చేస్తారో నాకు తెలుసు. మేం నల్లాలోళ్లం చేస్తాం. లైను సాఫ్ చెయ్యాలంటే చివర మూత విప్పి ఉన్న నీళ్లన్నీ వదిలేస్తాం, మురికీ పోతుంది, మంచి నీళ్లూ పోతాయి. పైపు బోసిపోయాక పైన వాల్వు తిప్పి ట్యాంకు నుంచి నింపుతాం. జోయెల్ చిన్నప్పుడు నా సైకిలు మీద వచ్చి, రోడ్డు పక్కన నిలబడి ఆ నీళ్లు పోవడం చూసేవాడు. వాడి నిఘంటువులో సాఫ్ అంటే అదే. పైన ట్యాంకు ఉంటుందన్న ధైర్యం మీద నడిచే మాట అది.

"పై జాగ అంటే ఏది బిడ్డా?"

"ఆఫీసుల ఆయన పేరు మీద ఒక చోటుండె. అన్నిటికీ ఒక నకలు ఆడ పెట్టుకునేటోడు. ఆయన పోయినంక పేరు తీసేసిండ్రు. పేరు తీస్తే చోటు గూడ పోతదని..." వేలు 'కాలే' అన్న వరస మీదికి పోయింది. "ఇంత నోరు లేని మిషిను చేసినం మామా. 'కాలే' అని గప్పుడు ఒక్క మాట అన్నా..."

"అన్నా ఏం లాభం? గప్పటికే ఖాళీ అయిపాయె."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె లేచింది.

"మాట ఆయనది. చెయ్యి నాది," అంది. లోపలికి పోయి పెద్ద బ్యాగు తీసి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. నేను వెంట తిరిగాను. ఇది నీ తప్పు కాదన్నాను, మాట తప్పన్నాను, ట్యాంకు తప్పన్నాను. ఆమె చీరలు మడతపెడుతూనే ఉంది. అన్నకు ఫోను చేసింది.

రవీందర్ వచ్చేసరికి రాహేలు కూడా చర్చిలో కూటమి సంగతి మాట్లాడి ఇంటికి వచ్చింది. వాకిట్లో ట్రాలీ ఆటో, హాల్లో బ్యాగు, గోడకు ఆనుకుని కోడలు. అన్నీ చూసి నా వైపు తిరిగింది.

"ఏమన్నది మిషిను?"

రవీందర్ నా చెవిలో గుసగుసలాడాడు. "మామా, నీకు కథలు తక్వనా? పిడుగు పడ్డదను. ఎలుక కొరికిందను. నా చెల్లె మీదికి రాకుంట ఏదన్న ఒకటి చెప్పు. గీ నింద మోస్కోని మా ఇంటికి రావద్దు, బ్యాగు నేనే మళ్ల లోపల పెడుత."

నా దగ్గర ఒకటి సిద్ధంగా ఉంది. మంచి కథ. అందులో పిడుగూ ఉంది, కరెంటు తీగ మీద కూర్చున్న పావురమూ ఉంది. నోరు తెరిచాను. వీణ నన్ను చూసింది. వద్దు అన్నట్టు తల కూడా ఊపలేదు, ఊరికే చూసింది. పావురం ఎగిరిపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సాఫ్ కొట్టింది వీణే. ఆ సాఫ్ రాసింది మాత్రం జోయెల్. వాడి సాఫ్ మన నల్లా సాఫ్. నింపే చోటు లేకపోయింది. గొంతు ఇక దొరకదు. నా జన్మలో అంత పొట్టి కథ చెప్పలేదు.

రాహేలు విన్నది. "అబద్ధం," అంది.

"కాదే, ఒట్టు..."

"నీ ఒట్టు! పెండ్లయినకాడికెళ్లి ఇంటున్న నీ ఒట్లు. కోడల్ని కాపాడ్తందుకు సచ్చినోని మీదికి తోస్తున్నవా? వాడు లేచొచ్చి కాదని చెప్పడనా? కన్న కొడుకు మీద గూడ కథ కడుతవా ముసలోడా?"

 నిజం నా నోట్లోంచి వచ్చినందుకే చెల్లకుండా పోయింది. జోయెల్ ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నేను మాత్రం పోయి గడప మీద కూర్చున్నాను.

అప్పుడు వీణ కదిలింది. బల్ల దగ్గరికి పోయి నకలు అరను మళ్లీ కట్టింది. కుర్చీ లాగి పెట్టి, అత్త వైపు చూడకుండానే, "మీరే చదువుండ్రి అత్తమ్మా," అంది.

రాహేలు వెంటనే రాలేదు. వచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుంది. ఆమె చదువు బైబిలు చదువు, వేలు పెట్టి ఒక్కో అక్షరం మీద నడుస్తుంది. వీణ సాఫ్ అని కొట్టింది.

"ఉన్న... దంతా... ఖాళీ... చేస్తున్న," చదివింది రాహేలు. "అయింది." వేలు కింది వరసకు దిగింది. "పై జాగ నుంచి... మళ్ల తెచ్చి... నింపుతున్న. కాలే." అక్కడ వేలు ఆగింది. చివరి వరసకు పోయి, కొడుకు పేరు మీద నిలబడింది. అక్కడి నుంచి మళ్లీ పైకి వచ్చింది.

"కాలే అంటే?" అంది. నన్ను కాదు అడిగింది.

"నింపుతందుకు పోయింది అత్తమ్మా. పైన ఎవలు లేరు."

"ఎందుకు లేరు?"

"ఆయన లేడు గద. గందుకు."

రాహేలు వేలు తెర మీదే ఉంది. కొడుకును మట్టి చేసిన రోజు కూడా ఏడవని మనిషి. అందరికీ చాయ్ అందిందా లేదా అని చూసుకుంటూ తిరిగింది ఆ రోజు. ఏడాదిగా ఆ ఏడుపు ఎక్కడ పెట్టుకుందో నాకు తెలియదు. కోపం కింద పెట్టినట్టుంది. ఇప్పుడు కోపగించుకోవడానికి ఎవరూ మిగల్లేదు.

"కొడుకా," అంది. "నీ గొంతు నువ్వే తీస్కపోతివా కొడుకా."

ఇక ఆపలేకపోయింది. కుర్చీలోంచి కిందికి జారితే వీణ పట్టుకుంది. ఇద్దరూ గచ్చు మీదే కూలబడ్డారు. రేకు కార్ఖానావాళ్లు సుత్తి ఆపి కిటికీ వైపు చూశారు. రవీందర్ బయటికి పోయి ఆటో పక్కన నిలబడ్డాడు.  ఏడ్చి ఏడ్చి, ఎక్కిళ్లు సన్నబడి, రాహేలు కోడలి ఒడిలోనే తల పెట్టి నిద్రపోయింది. పసిపిల్ల లెక్క, నోరు తెరుచుకుని.

రవీందర్ తలుపు దగ్గరికి వచ్చాడు. "చెల్లె, యాళ్లయితుంది. సాయంత్రం పూల మాల్ దిగుతది. పోదామా?"

వీణ పెదాల మీద వేలు పెట్టుకుంది. తర్వాత ఆ వేలితోనే ఒడి వైపు చూపించింది. ఎట్లా లేవను అన్నట్టు.  అతను పొద్దున ఆటోలో మిగిలిన కనకాంబరాలు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆదివారం కూటమి జరిగింది. పాస్టరయ్య, "తల్లీ, ఏదో వినిపిస్తనంటివి," అని అడిగాడు. "ఏం లేదు అయ్యగారూ, పాట పాడుకుందాం," అంది రాహేలు. పాడారు. చాలామంది వచ్చారు. నన్ను కథ చెప్పమని ఎవరూ అడగలేదు, నేనూ ముందుకు పోలేదు.

వీణ వెళ్లలేదు. ఉంటానని కూడా అనలేదు. అత్తాకోడళ్లు మాట్లాడుకుంటున్నారు. బియ్యం అయిపోతే రాహేలు ఆమెకే చెబుతుంది. నా మోత పని తప్పింది. కానీ ఆ పిల్ల బట్టలు ఇంకా బ్యాగులోంచే తీసి కట్టుకుంటుంది, ఉతికి ఆరాక మడతపెట్టి మళ్లీ బ్యాగులోనే పెడుతుంది. తన మాట మీద తను నిలబడలేదన్న బాధో, నిలబడాల్సి వస్తుందన్న భయమో, నేను అడగలేదు. అల్మారాలో జోయెల్ చొక్కాల పక్కన ఆమె అర ఖాళీగానే ఉంది. రాహేలు పొద్దున్నే లేచి ఆ ఖాళీ అర తుడుస్తుంది. తుడిచి, తలుపు మూయకుండా వదిలేసి వస్తుంది.